జల్లెడ ఎవరి చేతిలో నున్నది?



హనుమాన్ జంక్షనులో నూజివీడు త్రోవయు గుడివాడ త్రోవయు పెద్ద రోడ్డును కలిసికొనుచున్నవి. ఆ చుట్టుపట్ల పల్లెలలో చేట, జల్లెడ ఎరుగని ఇల్లాలు లేదు. బియ్యము జల్లించినప్పుడు నూకలు క్రిందికి దిగి నిండుగింజ పైన నిలుచును. పిండి జల్లించినప్పుడో, మెత్తనిది క్రిందికి దిగి పొట్టు పైన మిగులును. కాబట్టి క్రిందపడినదెల్ల చెడ్డదని తొందరపడి చెప్పరాదు.

ఈ పనిని ఆంగ్లమున 'సిఫ్ట్' అందురు. సాక్ష్యమును శోధించి నిజము తేల్చుటకును వారికి అదే మాట. మనమును దొంగకొరకు ఊరంతయు జల్లెడపట్టిరి అందుము. కళ్లములో ధాన్యమును గాలికి పోయు పనినిబట్టి, ఒకని తప్పులు నలుగురిలో ఎంచుటను తూర్పారబట్టుట అందుము.

ఇక నా సంగతి వినుము. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు వైపు ఇండ్లు మునిగినప్పుడు మా సంఘస్థులు తలాకొంచెము బియ్యము తెచ్చిరి. స్త్రీలు గుడి వరండాలో కూర్చుండి జల్లించి సంచుల కెత్తుచుండిరి. నేను పుస్తకము పట్టుకొని, ఎవరికి ఈయవలెను, ఎవరికి కూడదు, వారు మన సంఘమువారేనా అని మనుష్యులను జల్లించుచుంటిని. ఒక ముసలమ్మ చేయి ఆపి, "బాబూ, రాళ్లు బియ్యంలో ఏరాలి గాని మునిగినోళ్లలో ఏరతామా?" అనెను. నేను తల ఎత్తలేకపోతిని.

ఆ రాత్రి లూకా సువార్త 22వ అధ్యాయము తెరచితిని. సాతాను గోధుమలవలె జల్లింపగోరినది శిష్యులందరిని. ప్రభువు పేరుపెట్టి వేడుకొన్నది సీమోను ఒక్కనికొరకు. నేటి ఆంగ్లములో రెండింటికి ఒకే మాట గనుక ఆ భేదము మరుగుపడును. మన తెలుగు బైబిలులో 'మిమ్మును' అనియు 'నీ కొరకు' అనియు తేటగా నున్నది. శోధన అందరిది, ప్రార్థన ఒక్కొక్కని పేరిట.

ఆ రాత్రియే పేతురు ముమ్మారు బొంకి, వెలుపలికి పోయి ఏడ్చెను. చూచువారికి అతడు జల్లెడ క్రింద పడిన నూక. ప్రభువు అట్లు చూడలేదు. నీవు తిరిగి వచ్చి సహోదరులను స్థిరపరచవలెనని ముందుగానే పని అప్పగించెను. జల్లింపబడినవాని చేతికి ఆయన ఇచ్చినది జల్లెడ కాదు, సహోదరులను.

మరునాడు సంచులు బండి కెక్కించి పోవునప్పుడు పుస్తకమును ఇంటనే విడిచితిని.

చదువరీ, నీ సంఘములో ఎవనినైనను తూర్పారబట్టుటకు లేచుచున్నావా? కొంచెము ఆగుము. మొదట అతని పేరు పెట్టి ప్రార్థించుము. జల్లెడను ప్రభువు చేతిలోనే ఉండనిమ్ము.