గండికోట గోపురం మీద జంట చుక్కలు

2023 ఫిబ్రవరి 22, ఫాల్గుణ శుద్ధ తదియ. ఆరేసిన బట్టలు తేవడానికి మేడెక్కితే పడమట కింద శుక్రుడు, మధ్యలో నెలవంక, పైన గురుడు... దారానికి గుచ్చినట్టు కనిపించారు. పరుగున కెమెరా తెచ్చి చేత్తో పట్టుకునే పది ఫొటోలు కొట్టాను. అన్నింట్లోనూ చుక్కలు తోకల్లా సాగిపోయాయి. పైగా అడ్డంగా కేబుల్ తీగ!

నెలవంక మర్నాటికి పైకి వెళ్లిపోయింది కానీ గ్రహాల కథ ముగియలేదు. వాటి మధ్య ఏడున్నర డిగ్రీల ఎడం రోజుకో డిగ్రీ చొప్పున తగ్గుతోంది. మార్చి 1, 2 తేదీల్లో రెండూ దాదాపు చందమామ వెడల్పంత దగ్గరికి వస్తాయి. ఈసారి తీగలు లేని చోటు కావాలి. గండికోట గుర్తొచ్చింది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా వెళ్లాం. నేనూ, మా నాన్నా. ఆయన కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చారు. అయినా వస్తానన్నారు. ఎర్రమల కొండలను పెన్న కోసిన గండి పక్కనే కోట. జనమంతా సూర్యాస్తమయానికి ఆ లోయ అంచునే చేరతారు. మేం మాత్రం మాధవరాయస్వామి గుడి వైపు నడిచాం. ఆ గోపురం తూర్పు ముఖంగా ఉంటుంది. ఎదురుగా నిలబడితే మన చూపు పడమటికే!

ఆరున్నరకి శుక్రుడు వెలిగాడు. మరికాసేపటికి పక్కనే గురుడు. అప్పుడు పడమట ఒక మబ్బు తునక లేచింది. ఈ సాయంత్రం పోతే రేపు సెలవు లేదు. మబ్బును తిట్టుకుంటూ ట్రైపాడ్ బిగించాను. మా అదృష్టం, అది కిందనే కరిగిపోయింది.

ఒక సంగతి అనుభవం మీద తెలిసింది. గ్రహాలు మనకోసం ఆగవు. భూమి తిరుగుడు వల్ల గంటకు పదిహేను డిగ్రీలు దిగుతాయి, దిగుతూ కుడివైపు జరుగుతాయి. గోపురం కొసన నిలిపానని సంబరపడేలోపు చాటుకు పోయేవి. నాలుగడుగులు వెనక్కి, రెండడుగులు ఎడమకి... ట్రైపాడ్ ఎత్తుకుని ఒక నృత్యమే చేశాను. అటుగా వచ్చిన ఊరి పెద్దాయన ఆగి చూశాడు (కోటలోపలే ఊరుంది మరి).

"ఏం తీస్తాండావు నాయనా, గుడినా?"

"గుడినీ, ఆ రెండు చుక్కలనీ పెద్దాయనా."

"పది దినాలుగా చూస్తాండాలే. ఒకదానెంట ఒకటి వస్తాండాయి" అన్నాడు మామూలుగా. నేను పంచాంగం, ఇంటర్నెట్టు తిరగేసి తెలుసుకున్నది ఆయన వాకిట్లో మంచమేసుకుని తెలుసుకున్నాడు.

మీరూ ప్రయత్నించాలంటే పెద్ద కెమెరా అక్కర్లేదు. కదలని ఆధారం ముఖ్యం. శుక్రుణ్ని తెరమీద పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేయండి. బటన్ నొక్కినప్పుడు అదురు రాకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఐఎస్‌ఓ 400, రెండు సెకన్ల ఎక్స్‌పోజర్‌తో మొదలెడితే చాలు. గోపురం నల్లటి నీడగా వస్తుందనుకున్నాను. కానీ శుద్ధ దశమి దాటిన చంద్రుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నాడు కదా, రాళ్ల మీద పల్చటి వెలుగు పరిచాడు. ఫ్లాష్ మాత్రం వేయకండి.

"ఒకటే కదరా ఉంది" అన్నారు నాన్న చాలాసేపు చూసి. గుండె కలుక్కుమంది. జూమ్ లెన్స్ తగిలించి ఒక సెకను ఫొటో తీసి, కెమెరా తెరను ఆయన ముఖం దగ్గర పెట్టాను. రెండూ విడిపోయి కనిపించాయి. పెద్దది చేస్తే గురుణ్ని ఆనుకుని సూదిమొనల్లాంటి చుక్కలు మూడు. 1610లో గెలీలియో దూరదర్శినిలో చూసిన ఉపగ్రహాలే! పక్కపక్కన ఉన్నట్టున్నా శుక్రుడు మనకు ఇరవై కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, గురుడు అంతకు నాలుగు రెట్ల పైనే ఉన్నారని చెప్పాను.

నాన్న మళ్లీ పైకి చూశారు. మళ్లీ తెర వైపు చూశారు.

"డాక్టర్ దగ్గర ఎప్పటికి చీటీ దొరుకుతుందో కనుక్కో" అన్నారు.

ఎనిమిది దాటాక జంట చుక్కలు గోపురం వెనక్కి దిగిపోయాయి. ట్రైపాడ్ మడిచి కారు దగ్గరికి నడిచాం. మా నీడలు కాళ్లకిందే ఉన్నాయి.