మెదకు సీమలో మా తొలి శీతకాలము

మెదకునందొక పాఠశాలలో మావారికి ఉద్యోగము దొరికినదని తెలిసిననాడు మా అత్తగారు మొట్టమొదట నడిగిన ప్రశ్న, “అక్కడ చలి జాస్తియటగదరా?” అని. కృష్ణయొడ్డున పుట్టి పెరిగిన మాకు చలి యనగా ధనుర్మాసపు తెల్లవారుజామున నొక దుప్పటి మాత్రమే. శీతదినములలో వార్తాపత్రికలందు ఆదిలాబాదు ప్రక్కన మెదకు పేరు చదువుచుంటిమేగాని, ఆ చలి మా గడప నెట్లు దాటునో యెరుగము. ఆశ్వయుజమాసము చివర సామానులు లారీ కెక్కించి మేము కాచిగూడలో రైలెక్కితిమి. అక్కన్నపేటవద్ద పెద్దబాటను విడిచి మెదకునకు పోవు చిన్న రైలుబాట 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది. అంతకుముందు ఈ పట్టణమునకు రైలే లేదని తోటి ప్రయాణికురాలు చెప్పగా మేమాశ్చర్యపడితిమి.

మెదకు అను పేరు మెతుకునుండి పుట్టెనందురు. దిగినప్పుడు ఇరువైపుల వరిమళ్లు కోతకు సిద్ధమై యుండుటచేత ఆ మాట నమ్మబుద్ధి యైనది. ఊరిలో నెక్కడ నిలిచినను రెండు కట్టడములు కనబడుచునేయుండును. ఒకటి కొండమీది కోట, కాకతీయులనాటిది. రెండవది చర్చి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను వెస్లియను మిషనరీ 1914లో పని మొదలిడి, కరవు కాలమున ఆకలిగొన్న పల్లెజనమునకు పని కల్పించి తిండి పెట్టుచు దానిని కట్టించెను. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగినది. గంటల గోపురము 170 అడుగులకు మించిన యెత్తు. మా యద్దెయింటి వంటగది కిటికీనుండి ఆ గోపురపు కొన కనబడును. కుక్కరు కూతకు చర్చిగంట బదులు పలుకునని మా చిన్నది నవ్వుచుండెడిది.

ఆ నవ్వు మార్గశిరములో మాసిపోయినది. చిన్నదానికి యెనిమిదేండ్లు. క్రొత్త బడి, క్రొత్త పిల్లలు, క్రొత్త జలుబు. ఒకటి తగ్గకముందే మరియొకటి. మా ప్రాంతమున దీనిని రొంప యందురు, ఇచ్చట సర్ది యందురు, వైద్యగ్రంథములలో ప్రతిశ్యాయమనియు పీనసమనియు నుండును. పేరేదైనను ముక్కు కారుట యొక్కటియే. చలి ముదిరినకొలది అత్తగారు రాత్రివేళ తలుపులు, కిటికీలు బిగించి, వెంటిలేటరులో పాతచీర కుక్కి, పడకగదిలో బొగ్గుల కుంపటి పెట్టసాగిరి. గది వెచ్చగనుండెను, మేమును మెచ్చుకొంటిమి. తరువాత నాలుగైదు దినములకు పిల్ల ఉదయము లేచుచునే “అమ్మా, తలనొప్పి” యన నారంభించినది. ఒకనాడు పళ్లు తోముకొనుచు వాంతి చేసికొన్నది. మధ్యాహ్నమునకు మరల బాగుగ నుండెడిది.

పొరుగింటి అక్క చాల మంచిది. వచ్చి పిల్ల మెడ నొక్కి చూచి, “సర్ది కాదమ్మా, మెడకాడ నరం పట్టింది. పట్నంల ఎముకలు సదిరేటోళ్లున్నరు, తోల్కపోండ్రి. సర్ది గూడ మళ్ల రాదట” యని చెప్పినది. ఎముక విరిగిన పుత్తూరు కట్టునకు పోవుట మా తాతలనాటినుండి యెరిగినదే. బెణుకులు సవరించు పెద్దవారును ప్రతియూర నుందురు. కాని వెన్నుపూసలు సరిచేసి జలుబు రాకుండ జేయుట మాకు క్రొత్త. మావారు ఫోనులో వెదకగా ఆ విద్యకు కైరోప్రాక్టిక్ అని పేరుండెను. హైదరాబాదునందొక చోట పండ్రెండు పర్యాయములు చూపించుకొన్నచో వ్యాధినిరోధకశక్తి పెరుగునని ప్రకటన. రుసుము మావారి నెలజీతములో మూడవపాలు. పిల్ల ముఖము చూచి డబ్బు లెక్కింపజాలకపోతిమి.

ఆదివారము పోయితిమి. అచ్చట నడుమునొప్పితో వచ్చిన యొకాయన, మునుపటికంటె సుఖముగ నున్నదని మాతో చెప్పెను. ఆ మాట దాచుట న్యాయము కాదు. పిల్లను బల్లమీద బోర్ల పరుండబెట్టి వెన్ను నొక్కి, తరువాత మెడను పట్టి ప్రక్కకు త్రిప్పగా ‘టక్కు’మని చప్పుడైనది. మా గుండెయు నట్లే చప్పుడైనది. ఆ రాత్రి మా పినతల్లిగారింట పండుకొంటిమి. తెల్లవారి పిల్లకు తలనొప్పి లేదు! మెదకునకు వచ్చి పొరుగింటి అక్కకు పసుపు కుంకుమ లిచ్చి మరీ చెప్పితిమి. మూడవనాడు నొప్పి మరల వచ్చినది. అచ్చటివారికి ఫోను చేయగా, ఇంకను పదునొకండు పర్యాయములున్నవి కదా యనిరి.

క్రిస్మసు దినములలో చర్చి చూడబోయితిమి. లోపల మూడు రంగుటద్దముల కిటికీలు. క్రీస్తు జననము, శిలువ, స్వర్గారోహణము వానిమీది చిత్రములు. వెలుతురు వెలుపలినుండి సోకినప్పుడే వాని యందము. పిల్ల మెడ వెనుకకు వాల్చి చూచుచు, నొప్పి యన్న మాటయే యెత్తలేదు. ప్రక్కన కూర్చున్న యొక వృద్ధురాలు దానిని గమనించి పలుకరించినది. చాలకాలము ఆసుపత్రిలో నర్సుగ పనిచేసి విశ్రమించినదట. మేము మెడ సంగతి యంతయు చెప్పుకొంటిమి. ఆమె మెడను ముట్టనైన ముట్టలేదు. “పిల్ల యేడ పండుకుంటది? గదిల ఏం మండుతది?” యని రెండే ప్రశ్న లడిగినది. కుంపటి యనగానే ఆమె ముఖము మారినది. “ఇయ్యాల్టి నుంచి బయట పెట్టు బిడ్డా. పిల్లను దవాఖానాల చూపియ్యి” యన్నది.

మరునాడు సర్కారు ఆసుపత్రిలో డాక్టరుగారును ఆ మాటయే చెప్పిరి. బొగ్గు గాలి చాలని చోట మండినపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిను, ప్రాణవాయువుకంటె ఈ వాయువును 200 రెట్లకు పైగ గట్టిగ పట్టుకొనును. తలనొప్పి, వికారము, మైకము. ముదిరినచో నిద్రలోనే ప్రాణము పోవును. బయట గాలిలో తిరిగినచో తేరుకొందురు. అందుచేతనే పిల్లకు మధ్యాహ్నము బాగుగ నుండుట. అందుచేతనే పినతల్లిగారింట కుంపటి లేని గదిలో పండుకొన్న రాత్రి నొప్పి లేకపోవుట. ఆ శుభమును మేము మెడ చప్పుడునకు కట్టబెట్టితిమి. మాకును అత్తగారికిని తలబరువుగ నుండుట నిజమే. దానిని చలి యనుకొంటిమి. ఇంటికి వచ్చునప్పుడు మావారు దారిపొడవునను మాటాడలేదు.

ఆ రాత్రి మేము నిద్రపోక, ఆ విద్య పుట్టుపూర్వోత్తరములు చదివితిమి. 1895 సెప్టెంబరు 18వ తేదీన అమెరికాలోని డావెన్‌పోర్టు నగరమున డానియల్ డేవిడ్ పామర్ అను నతడు, అంతకుముందు అయస్కాంతచికిత్స చేయువాడు, హార్వే లిల్లార్డు అను చెవిటి పనివాని వెన్నుపూస నొక్కి చెవులు వినిపించునట్లు చేసితినని చెప్పుకొనెను. నూటికి 95 రోగములు పూసలు తొలగుటవలననే వచ్చునని అతని వాదము. నడుమునొప్పికి ఈ వైద్యము కొందరికి ఇతర చికిత్సలవలెనే ఉపశమన మిచ్చుట నిజమేయట. జలుబు మాట వేరు. కరోనా తొలిదినములలో, 2020 మార్చిలో, ఆ వైద్యుల ప్రపంచసమాఖ్యయే, వెన్ను సవరించుటవలన వ్యాధినిరోధకశక్తి పెరుగుననుటకు నమ్మదగిన శాస్త్రాధారము లేదని ప్రకటించినది. ‘టక్కు’మను చప్పుడు కీలులోని ద్రవమునందు గాలిబుడగ యేర్పడుటవలన వచ్చునదే గాని పూస చోటికి చేరిన గుర్తు కాదు. మెడను వేగముగ త్రిప్పినపుడు, అరుదుగనే యైనను, మెదడునకు పోవు రక్తనాళము చిరిగి పక్షవాతము వచ్చుటయు కలదు. 2022లో హైదరాబాదున బ్యూటీపార్లరులో తల కడిగించుకొనుటకై మెడ వెనుకకు వాల్చి యుంచిన యొక యిల్లాలికి అట్టి యాపద వచ్చినదని పత్రికలలో చదివియే యుంటిమి. అయినను పిల్ల మెడ నొకరి చేతి కిచ్చితిమి.

మా తండ్రిగారు ఇంటివద్దనే మాకు అమరముతోబాటు వాగ్భటుని అష్టాంగహృదయములో దినచర్యాధ్యాయము చెప్పిరి. నూనె పట్టించుకొనుట నిత్యము మంచిదని చెప్పిన యా గ్రంథమే, కఫము హెచ్చినవారికిని అజీర్ణమున్నవారికిని అది పనికిరాదని వెంటనే చెప్పినది. పీనస మున్నవారికి స్నానమును కూడదన్నది. చలికాలమున బలవంతులు సగము శక్తి మేరకు వ్యాయామము చేయవలెనన్నది. నోటికి వచ్చిన గ్రంథము అక్కరపడిన వేళ బుద్ధికి రాలేదు. అది మా తండ్రిగారి తప్పు కాదు.

చలివలననే జలుబు వచ్చునా? అత్తగారితో మాకిది నిత్యవివాదము. ఇంగ్లండులోని సాలిస్‌బరీవద్ద 1946లో జలుబు పరిశోధనకే యొక సంస్థ పెట్టిరి. అచ్చట కొందరిని స్నానము చేయించి, తడిబట్టలతో అరగంట చలిగాలిలో నిలబెట్టిరట! చలిమాత్రముచేత జలుబు తెప్పింపలేకపోయిరి. జలుబునకు సూక్ష్మక్రిములు కారణము. వానిలో రైనోవైరసులే 160 రకములకు మించి యున్నవి. అందువలననే ఒకటి తగ్గినను మరియొకటి పట్టుకొనుట. మేము గెలిచితిమని సంతోషించుచుండగా మావారు మరియొక సంగతి చదివి వినిపించిరి. 2005లో ప్రకటించిన కార్డిఫ్ పరీక్షలో 90 మంది 20 నిమిషములు చన్నీట పాదము లుంచగా, తరువాతి నాలుగైదు దినములలో 26 మందికి జలుబు లక్షణములు కనబడెనట. నీరు లేని పాత్రలో పాదము లుంచిన 90 మందిలో 8 మందికే. అత్తగారు మాటాడక తమ మేజోళ్లు తెచ్చి పిల్ల కాళ్లకు తొడిగిరి.

పుక్కిలించు విషయమున మాత్రము ఆమెకు పూర్తి విజయము. జపానులో 387 మందిపై జరిపిన పరీక్షలో, దినమునకు మూడుసార్లు వట్టి నీటితో పుక్కిలించినవారికి జలుబులు నూటికి 36 పాళ్లు తగ్గినవి. అయోడిను మందు కలిపి పుక్కిలించినవారికి చెప్పుకోదగిన లాభము కానరాలేదు. ఈ ఫలితమును కూడ 2005లోనే ప్రకటించిరి. మా యింట నిప్పుడు బడికి పోవునప్పుడు, వచ్చినప్పుడు, పడుకొనుటకు ముందు పెరటిలో గరగర ధ్వని. సబ్బుతో చేతులు కడుగుకొనుట సరేసరి. నిద్రయు ముఖ్యమే. అమెరికాలో 164 మంది ముక్కులో జలుబుక్రిమి వేసి చూడగా, ఆరుగంటలకంటె తక్కువ నిద్రించినవారికి, ఏడుగంటలకు మించి నిద్రించినవారికంటె నాలుగురెట్లు అధికముగ జలుబు పట్టినదట. ఈ మాట విని మావారు పిల్లను తెల్లవారు నాలుగింటికి లేపి ఎక్కములు చెప్పించుట మానిరి. ఆ సంగతి మేము పనిగట్టుకొని ఆయనకు చదివి వినిపించితిమని వేరుగ చెప్పనక్కరలేదు.

ఉసిరికాయను గూర్చి కొంచెము నిరాశ. దానిలో విటమిను సి మెండు. కాని 11,000 మందికి పైగ పాల్గొన్న పరీక్షలన్నియు కలిపి చూడగా, సామాన్యజనమునకు ఆ విటమిను నిత్యము తినినందువలన జలుబులు తగ్గలేదు. వచ్చిన జలుబు పిల్లలలో నూటికి 14 పాళ్లు త్వరగ మానినది, అంతియే. అయినను జాడిలోని ఉసిరికాయ పచ్చడిని మేము పారబోయలేదు. అల్లము, మిరియాలు, తులసి కషాయము గొంతునకు హాయి. తేనె దగ్గును కొంత తగ్గించును, కాని ఏడాది నిండని శిశువులకు నాకింపరాదు. మరుగునీటి గిన్నెపై దుప్పటి కప్పి పిల్లలను కూర్చుండబెట్టుటయు మేము మానితిమి. గిన్నె ఒరిగి తొడలు కాలిన పిల్లలు ఆసుపత్రికి వచ్చుచుందురని డాక్టరుగారు చెప్పిరి.

సంక్రాంతి వెళ్లిన తరువాత ఆదివారపుటుదయములందు కోట యెక్కుట అలవాటు చేసికొంటిమి. ద్వారము తరువాత ద్వారము దాటుచు మెల్లగ పైకి పోవలెను. రాతిమీది గండభేరుండము చిన్నదానికి నేస్తమైనది. అది ముందు పరుగెత్తును, మేము వాగ్భటుని తలచుకొని సగము శక్తితో వెనుక నడతుము. పైన నిలిచినచో చెరువులు, వరిమళ్లు, చర్చిగోపురము, మా యింటి డాబామీద ఎండుచున్న బట్టలు సైతము కనబడును. పిల్లకు ఆ నెలలో నొక జలుబు వచ్చినది, వారమునకు పోయినది. తలనొప్పి మరల రాలేదు. పండ్రెండు పర్యాయములకును ముందుగ కట్టిన సొమ్మును వారు తిరిగి యీయలేదు.

శివరాత్రికి ఏడుపాయల జాతర. మంజీర యచ్చట ఏడు పాయలుగ చీలి మరల నొక్కటియగును. వనదుర్గాభవాని గుడి బండలనడుమ నీటియొడ్డున నుండును. ఆ జనసముద్రములో అత్తగారు పిల్లచేయి వదలలేదు. కాని మూడవపాయవద్ద అది చేయి విడిపించుకొని మోకాలులోతు నీటిలోనికి దిగినది. గట్టెక్కి రెండు తుమ్ములు తుమ్మినది. అత్తగారు మావైపు చూచిరి. మేము సంచిలోని పొడితువాలు తీసి యిచ్చితిమి. ఇంటికి పోయిన తరువాత కుంపటి పెరటిలో వెలిగించి నీళ్లు కాచుదమని ఆమెయే యనిరి.