నారపనిని చూపే పటం

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు సాగే ముంబయి రహదారికి ఇరువైపులా ఫ్యాక్టరీలు వరుస కట్టినా, ఆ వరుస దాటిన చేలల్లో జనుము ఇప్పటికీ కనిపిస్తుంది. అయితే అది పూతకు రాగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్టగా మాత్రమే మిగిలింది. ఒకప్పుడు జనుమును కోసి, ఆకు రాల్చి, కట్టలుగా చెరువులో ముంచి బరువు పెట్టి, వారం అటూ ఇటూ నానిన తర్వాత కుళ్ళు వాసన వేసే నీటిలో నిలబడి నార ఒలిచి, ఉతికి, ఆరవేసి తాడు పేనేవారు. నైలాన్ తాడు వచ్చాక ఆ పనికి గిరాకీ పోయింది.

నారకూ నూలుకూ పట్టిన శ్రమను గౌరవించే చిత్రం తెలంగాణలో ఉన్నదా అని వెతికితే, సిద్దిపేట జిల్లా చేర్యాలలోని నకాషీ చిత్రకారుల ఇళ్లకు వెళ్లవలసి వస్తుంది. నకాషీ పటం అంటే సుమారు 3 అడుగుల వెడల్పున, 30 అడుగులకు పైబడి కూడా సాగే గుడ్డచుట్ట. దాన్ని కథకుడు విప్పుతూ ఒక కులం పుట్టుకను గానం చేస్తాడు. పద్మశాలీలకు ఆ కథ చెప్పేవారు కూనపులివారు. భావనారుషి విష్ణువు నాభికమలపు తూడు నుంచి నూలు తీసి దేవతలకు వస్త్రం నేయడం ఆ కథకు మూలం కాబట్టి, మొక్క కాడ నుంచి పోగు లాగే పని అక్కడ దైవకార్యంగా నిలుస్తుంది.

పటం తయారీని దగ్గరగా గమనిస్తే మరో సంబంధం బయటపడుతుంది. నానబెట్టి రుబ్బి ఉడికించిన చింతగింజల అంబలినీ, బియ్యపు గంజినీ, సుద్దమట్టినీ, జిగురునూ కలిపి ఖద్దరు గుడ్డపై పూత మీద పూతగా పట్టించి, ఆరిన తర్వాతనే గీత మొదలుపెడతారు. నేతగాడు పడుగుకు పట్టించే గంజినే నకాషీ చిత్రకారుడు గుడ్డకు పట్టిస్తాడన్నమాట. ఆ తర్వాత ఎర్రని నేలపై బొమ్మలు నిలుస్తాయి.

జర్మన్ చిత్రకారుడు మాక్స్ లీబర్మన్ 1887లో లారెన్ గ్రామంలో అవిసెనార వడికే స్త్రీలను ఎంతో శ్రద్ధగా చిత్రించాడు. ఆ చిత్రం ఇప్పుడు బెర్లిన్ జాతీయ చిత్రశాలలో ఉంది. నకాషీ పటం దారి వేరు. ఎవరి పనిని పటం చూపుతుందో వారి ముందే దాన్ని విప్పేవారు, కథకుణ్ణి పోషించేదీ వారే, జీర్ణమైన పటాన్ని నీటిలో నిమజ్జనం చేసేవారు. శ్రమకు దక్కిన గౌరవాల్లో దీనినే పెద్దదిగా భావించాలి.

నేడు కథాగానం తగ్గి, పటం నుంచి విడిపోయిన ఒక్కో దృశ్యం చిన్న చట్రంలో గోడకెక్కుతున్నది. ముందూ వెనుకా లేని మగ్గం అక్కడ అలంకారంగానే మిగులుతుంది. సంగారెడ్డి ప్రాంతపు జనుము పనికి పటం వేయించదలచినవారు ఒక్క బొమ్మతో సరిపెట్టక, విత్తు నుంచి తాడు దాకా జరిగే పనులన్నీ వరుస తప్పకుండా, చెరువు నీటిలో నార ఒలిచే ఘట్టానికి అన్నిటికన్నా ఎక్కువ చోటిచ్చి వేయించడం అవసరం.