వాంపు కాకపోతే కథ నడవదా?

సైదాబాద్‌లో మా గల్లీ ఆడవాళ్ళు సినిమా చూడ్డానికో పద్ధతుండేది. హీరోయిన్ ఏడిస్తే తామూ ఏడ్చేవాళ్ళు. వాంపు రాగానే తల వంచుకుని పల్లీలు వలిచేవాళ్ళు. ఓరచూపు మాత్రం తెరమీదే! దిల్‌సుఖ్‌నగర్ థియేటర్లలో మా అమ్మ పక్కన కూచుని నేను కనిపెట్టిన సంగతిది.

హాలీవుడ్‌లో ఈ మాయలాడి వెనక ఒక లెక్కుంది. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్ళు ఫ్రంటుకు వెళితే ఆడవాళ్ళు ఫ్యాక్టరీలు నడిపారు. 1945లో మగవాళ్ళు తిరిగొచ్చి, ఇక వంటింటికి పదండన్నారు. సరిగ్గా ఆ రోజుల క్రైం సినిమాల్లోనే మగాణ్ణి ముంచే ఆడది వెలిగింది. 'డబుల్ ఇండెమ్నిటీ' (1944)లో బార్బరా స్టాన్‌విక్ ఇన్సూరెన్సు డబ్బుకోసం మొగుణ్ణి చంపిస్తుంది. చివరికి తనూ తూటాకి బలి. సెన్సారు ఊరుకోదుగా మరి!

మన కథ వేరు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ పద్ధతిని రద్దు చేసింది. గుడిలో లేకుండా పోయిన దేవదాసి తెరమీద ఉండిపోయింది. 'విప్రనారాయణ' (1954)లో దేవదేవి పంతం పట్టి భక్తుణ్ణి వల్లో వేస్తుంది. 'చింతామణి' (1956)లో బిల్వమంగళుడు ఇల్లూ ఇల్లాలినీ మరుస్తాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ భానుమతే. రెండూ ఆవిడ సొంత సంస్థ భరణీ తీసినవే! తెరమీద పశ్చాత్తాపపడే మనిషి తెరవెనక యజమానురాలన్నమాట. అన్నట్టు, 1953లో 'చండీరాణి' డైరెక్టు చేసిందీ ఆవిడే.

ఆ తర్వాత విజయలలిత, జ్యోతిలక్ష్మి, జయమాలిని. 'రౌడీరాణి' (1970)లో విజయలలిత చేతికి తుపాకీ ఇచ్చి హీరోయిన్ని చేసినందుకు కె.యస్.ఆర్. దాస్‌కి నా దండం. సిల్క్ స్మితకి ఆ అదృష్టం తక్కువ. 1980లో తమిళ 'వండిచక్కరం'లో వేసిన పాత్ర పేరే ఒంటికి అంటుకుపోయింది. 'సీతాకోకచిలుక' (1981)లో ఇల్లాలుగా ఎంత బాగా చేసిందో ఎందరికి గుర్తుంది చెప్పండి? 1996లో 35 ఏళ్ళకే వెళ్ళిపోయింది.

మా పిన్ని టైపిస్టు. స్లీవ్‌లెస్ జాకెట్టు తొడుక్కుని, చీకటి పడ్డాక బస్సు దిగేది. ఆమె జీతంతోనే తాతయ్యకి మందులు. కానీ సినిమాల్లో చెడ్డదానికి ఏ గుర్తులుండేవో అవన్నీ పిన్నికున్నాయి: ఇంగ్లీషు మాట, పొట్టి చేతులు, సొంత సంపాదన. అరుగుమీది కుర్రాళ్ళు "జయమాలిని వచ్చిందిరా!" అని ఈల వేసేవాళ్ళు.

పిన్ని ఒకనాడు ఆగింది.

"జయమాలిని ఒక్క పాటకెంత తీసుకుంటదో ఎరుకేనా బిడ్డా? నువ్వు ఇంటికెంత తెస్తున్నవ్?"

ఆనాటితో ఈలలు ఆగిపోయాయని చెప్పను. వినపడుతూనే ఉండేవి. పిన్ని స్లీవ్‌లెస్సూ మానలేదు, ఉద్యోగమూ మానలేదు.