అమీర్‌పేటలో ‘ఈట్‌ అవుట్‌’

సోమవారం ఉదయం ఏడున్నర. అమీర్‌పేట మైత్రీవనం పక్క సందులో టిఫిన్‌ బండి చుట్టూ పాతికమంది కుర్రకారు. ఒక చేతిలో ఇడ్లీ ప్లేటు, మరో చేతిలో నోట్సు. తలెత్తితే ఫ్లెక్సీలే. ఒకప్పుడు జావా, డాట్‌నెట్‌, ఒరాకిల్‌... ఇప్పుడు డేటా సైన్స్‌, డెవాప్స్‌. ఏ కాలంలోనైనా కదలని బోర్డు మాత్రం స్పోకెన్‌ ఇంగ్లిష్‌! 2017 నవంబరులో మెట్రో వచ్చాక ఇక్కడికి చేరడం తేలికైంది గానీ, ఈ సందుల్లో నడవాలంటే ఇప్పటికీ భుజాలు రాసుకోవాల్సిందే.

మూడో అంతస్తులో చిన్న గది. లిఫ్టు లేదు. ఆదివారం ఏం చేశారో చెప్పడమే ఆరోజు పాఠం. కర్నూలు వైపు నుంచి వచ్చిన ఓ కుర్రాడు లేచి ‘యెస్టర్‌డే వుయ్‌ ఏట్‌ ఔట్‌సైడ్‌’ అన్నాడు.

‘ఎక్కడ, చెట్టుకిందా?’ అన్నారు మాస్టారు.

‘బయట తిన్నాం’ అనే మన మాటకి అది మక్కీకి మక్కీ. కానీ ఇంగ్లిష్‌లో ఔట్‌సైడ్‌ అంటే ఆరుబయట, ఏ పెరట్లోనో అరుగుమీదో. ఇంట్లో వండుకోకుండా హోటల్లో తింటే ‘ఈట్‌ అవుట్‌’. నిన్నటి సంగతైతే ‘ఏట్‌ అవుట్‌’. కాస్త దర్జాగా చెప్పాలంటే ‘డైన్‌ అవుట్‌’. ఇంట్లోనే కానిచ్చేస్తే ‘ఈట్‌ ఇన్‌’. మన పార్సిల్‌ బ్రిటన్‌లో ‘టేకవే’, అమెరికాలో ‘టు గో’. అక్కడి కౌంటర్లో ‘ఫర్‌ హియర్‌ ఆర్‌ టు గో?’ అని గబగబా అడిగేస్తారనగానే, వీసా కోసం చూస్తున్న ఇద్దరమ్మాయిలు పెన్నులు తీశారు.

కుర్రాడింకా కూర్చోలేదు. ‘సార్‌, మేం నిజంగానే రోడ్డుమీద నిలబడి తిన్నాం. అప్పుడేమనాలి?’

క్లాసంతా గొల్లుమంది. మాస్టారూ నవ్వేశారు. ‘ఐతే రెండూ కరెక్టే. ఇంటర్వ్యూలో మాత్రం అవుట్‌ అను!’

క్లాసయ్యాక అతనితో పాటు బండి దగ్గరికి వెళ్లాను. రాతపరీక్షలు రెండుచోట్ల గట్టెక్కాడట. మాట్లాడమన్నప్పుడే రెండుసార్లూ తడబడ్డాడు. మూడోది గురువారం. రోజూ రాత్రి వాళ్లమ్మ ఫోన్లో అడిగే మొదటి మాట ‘బయటే తింటాండావా నాయనా?’ అనట. ఆ ‘బయట’లో ఉన్నదంతా దిగులే. ఇంగ్లిష్‌ ‘అవుట్‌’లో ఏమో సరదా, షికారు. గ్రామర్‌ పుస్తకాల్లో ఈ తేడా రాసినట్టు నాకు కనపడలేదు.

‘ఉద్యోగమొస్తే అమ్మను పిలిపించి మంచి హోటల్‌కు తీసుకుపోతా’ అన్నాడు. అదే వాక్యం ఇంగ్లిష్‌లో చెప్పబోయి ‘ఔట్‌సైడ్‌’ అని నాలిక్కరుచుకున్నాడు. మళ్లీ మొదలెట్టాడు. ఇడ్లీ చల్లారిపోతోందని నేనే గుర్తుచేయాల్సి వచ్చింది.