బల్ల మీద బ్యాంకాక్‌... గిన్నెలో ఉద్దానం

గుమ్మంలో వెదురు గొడుగు, లోపల ఎర్ర కాగితం లాంతర్లు, మూలన నవ్వుతున్న బుద్ధుడి బొమ్మ... విశాఖలోని పెద్ద హోటళ్లలో ఈ అలంకరణ కనిపించిందంటే ‘ఏసియన్‌ ఫుడ్‌ ఫెస్టివల్‌’ మొదలైందన్నమాటే. వారం, పది రోజులు ఉంటుంది. థాయ్‌లాండ్‌, ఇండొనేసియా, మలేసియా, బర్మా... అన్ని దేశాల వంటలూ ఒకే బల్ల మీద. తలకు వెయ్యికి పైనే అవుతుంది. తిన్నవాళ్లకు తిన్నంత!

పలాస, టెక్కలి వైపు కుటుంబాలకు ఈ సరదా కొత్తది. కొడుకో కూతురో విశాఖలో ఉద్యోగం చేస్తుంటే, అమ్మానాన్నలు వచ్చిన ఆదివారం అక్కడికి తీసుకెళ్తున్నారు. సుమారు రెండొందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చి, తీరా గిన్నెల మీద మూతలు తీస్తే వాళ్లకు కనిపించేవి ఏమిటి? కొబ్బరిపాలు, జీడిపప్పు, పనసకాయ, ఎండు రొయ్యలు!

నిజమే మరి. థాయ్‌ గ్రీన్‌ కర్రీకి కొబ్బరిపాలే ప్రాణం. అక్కడే చికెన్‌ను జీడిపప్పుతో కలిపి వేయిస్తారు. ఇండొనేసియాలోని జోగ్‌జకార్తా పేరు చెబితే గుర్తొచ్చే ‘గుదెగ్‌’ లేత పనసకాయ కూరే. మనం పనసపొట్టుకు ఆవ పెడతాం, వాళ్లు కొబ్బరిపాలూ బెల్లమూ వేసి గంటల తరబడి ఉడికిస్తారు. బర్మావాళ్లు పొద్దున్నే తినే ‘మొహింగా’ చేపల పులుసులో అరటి దవ్వ వేస్తారు. ఉద్దానం పెరట్లో దొరకనిది ఇందులో ఏముందని?

కవిటి మండలం నుంచి వచ్చిన ఓ కొబ్బరి రైతు కుటుంబాన్నే తీసుకోండి. కొడుకు విశాఖలో బ్యాంకు ఉద్యోగి. తల్లిదండ్రుల్నీ, భార్యనీ, ఆరేళ్ల కూతుర్నీ వెంటబెట్టుకుని వెళ్లాడు.

“ఏటిరా ఇది?” గిన్నెలోకి తొంగిచూశాడు తండ్రి.

“థాయ్‌ కర్రీ నాన్నా. కొబ్బరిపాలతో చేస్తారు.”

“కొబ్బరిపాల కోసం ఇంత దూరం వచ్చామేటి?”

తల్లి ఒక చెంచా నోట్లో వేసుకుని తేల్చేసింది. “పాలు డబ్బాయి. అప్పుడే పిండినవైతే ఈ వాసనుండదు.”

ఆమె మాట తీసేయలేం. పెద్ద వంటశాలల్లో డబ్బా పాలే సుఖం. విరిగిపోవు, ఏ రోజు పోసినా ఒకే చిక్కదనం. కానీ పచ్చికొబ్బరి కోరి, రెండోసారి పిండిన పలచటి పాలు ఉడికేటప్పుడూ, మొదట తీసిన చిక్కటి పాలు దింపే ముందూ పోసే అలవాటున్న చేతికి ఆ తేడా తెలియకుండా ఎలా ఉంటుంది?

తండ్రి మాత్రం రుచి చూడలేదు. ఆయన విశాఖ వచ్చింది విందుకు కాదు, రక్త పరీక్షకు. ఉద్దానాన్ని ఏళ్ల తరబడి పీడిస్తున్న కిడ్నీ జబ్బు ఆయన్నీ పట్టుకుంది. పలాసలో 2023 డిసెంబరులో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది గానీ, కొడుకు దగ్గరుండి చూపిస్తానంటే ఇటొచ్చాడు. ఉప్పు తగ్గించమన్నారు డాక్టర్లు. ఒంట్లో పొటాషియం పెరగకుండా కొబ్బరినీళ్లు, కొబ్బరిపాలు, జీడిపప్పు, పనసపండు మానెయ్యమన్నారు. అంటే... ఆయన తోటలో కాసేవన్నీ!

ఇలాంటి విందులో ఆయనకు ఇంకో చిక్కు కూడా ఉంది. సోయా సాస్‌, చేపల సాస్‌ ఒక్కో చెంచాలోనూ బోలెడు ఉప్పు. కళ్లెదుటే నూడుల్స్‌ వేయించి ఇచ్చే కౌంటరు దగ్గర ముందే చెబితే సాస్‌ లేకుండా చేసిస్తారు. ఆయనకూ అలాగే క్యాబేజీ, వెల్లుల్లితో ఓ ప్లేటు చేయించాడు కొడుకు. బీపీ ఉన్నవాళ్లకూ పనికొచ్చే ఉపాయమే.

నూడుల్స్‌ తింటూ తింటూ కోడలి పళ్లెంలోంచి ఒక జీడిపప్పు తీసి, వేళ్ల మధ్య తిప్పిచూశాడాయన. “గుండు కాదు, బద్ద” అన్నాడు. పలాసలో పప్పు ధర అక్కడే మారుతుంది. గుండు బద్దయితే ధర పడిపోతుంది. గుండ్లలోనూ పౌనుకు 320 దాకా తూగే రకం వేరు, 240 లోపే తూగే లావు రకం వేరు. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లకు అంటిన తొక్క నూనె మరక ఓ పట్టాన వదలదు. ఆయన ఆ బద్దను మనవరాలి పళ్లెంలో వేసేశాడు.

అందరికంటే ఎక్కువసేపు ఒకేచోట నిలబడింది తల్లే. ‘ఖౌసే’ అని రాసిన బర్మా వంట దగ్గర. నూడుల్స్‌ మీద శనగపిండితో చిక్కబడిన కొబ్బరిపాల పులుసు, పైన ఉడికించిన గుడ్డు, వేయించిన ఉల్లిపాయలు, నిమ్మచెక్క. “ఇది మా మేనత్త వండేది” అంది.

దేశం పేరు 1989లో మయన్మార్‌గా మారినా ఉద్దానంలో అది బర్మానే, రంగూన్‌ రంగమే. కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్‌ రేవుల్లో ఓడలెక్కి, రంగం రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ పనికి వెళ్లినవాళ్ల వారసులు ఇక్కడ ఊరూరా ఉన్నారు. 1941 డిసెంబరు 23న జపాన్‌ విమానాలు రంగూన్‌ మీద బాంబులు వేశాక ఓడల్లో కొందరు, కొండలూ అడవులూ దాటి కాలినడకన కొందరు వెనక్కొచ్చారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేశాక మళ్లీ వలస. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ తిరిగొచ్చినవాళ్లదే. మేనత్త వచ్చిందీ ఆ రెండో వలసలోనే. తెచ్చుకున్న సామాను ఏమైందో గానీ వంట మిగిలింది. ఆ రోజుల్లో ఇక్కడ నూడుల్స్‌ ఎక్కడివి? సేమ్యాతో కానిచ్చేసేది.

“మన ఇంట్లో చేస్తావా నానమ్మా?” అడిగింది మనవరాలు.

చేసింది. సంక్రాంతి సెలవులకు పిల్ల కవిటి వెళ్లినప్పుడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను వాళ్ల తోటను నేలమట్టం చేసింది. తర్వాత నాటిన మొక్కలు ఏడేళ్లకు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ కాయలతోనే ఖౌసే. శనగపిండీ కొబ్బరిపాలూ పోయకముందే భర్త కోసం ఉప్పు లేని సేమ్యా కాస్త పక్కకు తీసి పెట్టిందామె. కాయలు కొట్టి, కూర్చుని కొబ్బరంతా కోరిచ్చింది మాత్రం ఆయనే.