పది డాలర్ల సంతకం

"పది డాలర్లా? సంతకానికా?" అన్నాడు నాన్న.

అని ఊరుకోలేదు. అక్కడికక్కడే ఎనభై ఆరుతో గుణించేశాడు. అమెరికా వచ్చి రెండు నెలలైనా ఆ అలవాటు పోలేదు. ఇడ్లీ పిండి ప్యాకెట్ దగ్గర్నుంచి టోల్ గేటు దాకా అన్నీ రూపాయల్లోకి మారాల్సిందే.

మేం నిలబడ్డది న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే ఊళ్లో, మెయిన్ స్ట్రీట్ మీద. 2025 జూలై 26, శనివారం. నేనుండే ఎడిసన్ నుంచి నాలుగు గంటల డ్రైవ్. జనాభా రెండు వేలు కూడా ఉండదు. కానీ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్నది ఇక్కడే, 1939 నుంచి. ఏటా జూలైలో ఒక వారాంతం కొత్తగా ఎంపికైన పాత ఆటగాళ్లకి ఇక్కడ సన్మానం చేస్తారు. ఆ రెండు రోజులూ ఊరంతా తిరునాళ్లే.

నా సంగతి చెప్పాలంటే, తెనాలిలో పుట్టి, బీటెక్ చేసి, ఎమ్మెస్‌కని వచ్చి ఇక్కడే ఉద్యోగంలో పడ్డ బోలెడంత మందిలో నేనూ ఒకణ్ని. బేస్‌బాల్ పిచ్చి ఆఫీసులో అంటుకుంది. మా టీమ్‌లో ఒకాయన మొదటిసారి స్టేడియంకి తీసుకెళ్తే మూడు గంటలు కూచుని పాప్‌కార్న్ తిన్నానే తప్ప ఏమీ ఎక్కలేదు. తర్వాత ఆయన లెక్కలు చూపించాడు. నూరేళ్ల కిందటి మ్యాచ్ స్కోర్ కూడా ఫోన్‌లో దొరుకుతుంది. ఎప్పుడో చనిపోయినవాడి ఆట మొత్తం వరసగా అంకెల్లో కనిపిస్తుంది. డేటాబేస్ చూస్తే ఆగలేని బుర్ర కదా, పడిపోయాను.

ఈసారి నేను వెళ్లింది ఇచిరో సుజుకి కోసం. జపాన్ నుంచి 2001లో సియాటెల్ మారినర్స్‌కి వచ్చాడు. అమెరికాలో 3,089 హిట్లు కొట్టాడు. 2004లో ఒక్క సీజన్‌లోనే 262 కొట్టాడు, ఆ రికార్డు ఇంకా ఎవరూ దాటలేదు. హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికైన మొదటి ఆసియా ఆటగాడు. 394 ఓట్లలో 393 ఆయనకే పడ్డాయి. నాన్నకి ఇదంతా కార్లో చెప్తే, "ఆ ఒక్కడూ ఎవడ్రా?" అన్నాడు. అందరూ అడిగేది అదే.

ఊళ్లో ఎటు చూసినా 51వ నంబరు జెర్సీలే. జపాన్ నుంచి కుటుంబాలు కుటుంబాలే దిగాయి. పరేడ్‌లో పాత దిగ్గజాలంతా పికప్ ట్రక్కుల వెనక కూచుని చేతులూపుతూ వెళ్తుంటే, మనవైపు రథయాత్రకి నిలబడ్డట్టు జనం రోడ్డుకి రెండు పక్కలా నిలబడ్డారు. అది చూడ్డానికి బాగానే ఉంది. నాన్నని పట్టుకున్నది మాత్రం అది కాదు, షాపుల ముందు వేసిన టేబుళ్లు.

ప్రతి టేబుల్ వెనకా ఒక ముసలాయన. పక్కన ఒక బోర్డు, దాని మీద పేరు, ఆడిన టీమ్‌లు, రేటు. పెద్ద పేరైతే లోపల, టికెట్ కొనుక్కుని లైన్‌లో నిలబడాలి. చిన్న పేరైతే బయట ఎండలో, గొడుగు కింద. పదేళ్ల వయసులో కొన్న కార్డు నలభై ఏళ్లు దాచుకుని తెచ్చినవాళ్లని చూశాను. ఒకావిడ వాళ్ల నాన్న వాడిన తోలు గ్లవ్ తెచ్చింది. ఆయన లేడట. దాని మీదే సంతకం పెట్టించుకుని, సిరా ఆరేదాకా చిన్నపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

దీనికీ పద్ధతులున్నాయి. బంతి మీదైతే నీలం బాల్‌పాయింట్ పెన్నే వాడాలి. మార్కర్ అయితే సిరా తోలులో పాకి అలికినట్టవుతుంది. రెండు కుట్ల వరసలు బాగా దగ్గరికొచ్చే చోటుని స్వీట్ స్పాట్ అంటారు. బంతి మీద ఒక్కరి సంతకమే ఉండాలంటే అక్కడే పెట్టించుకోవాలి. హార్మన్ కిల్‌బ్రూ అని మిన్నెసోటా ట్విన్స్‌లో పాత తరం దిగ్గజం ఉండేవాడు. ఏదో గీత గీసి ఇచ్చే కుర్ర ఆటగాళ్లని పట్టుకుని, పేరు చదవగలిగేలా రాయండయ్యా అని నేర్పేవాడు. బాబ్ ఫెల్లర్ అయితే ఎంతమందికి పెట్టాడంటే, ఆయన సంతకం లేని బంతికే ఎక్కువ విలువని జోకు.

ఇంత ప్రేమ ఉన్నచోట మోసం ఉండదా? 1990ల చివర్లో ఎఫ్‌బీఐ నకిలీ ఆటోగ్రాఫ్ ముఠాలని పట్టుకున్నప్పుడు దొరికిన సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్స్ కూడా ఉన్నాయి. ఒట్టు, నేను కల్పించలేదు. కలకత్తాలో కూచుని ఆవిడ బేస్‌బాల్ మీద సంతకం ఎందుకు పెడుతుందని కొన్నవాడికి తట్టలేదా అని నాన్న నవ్వీ నవ్వీ దగ్గాడు. ఇప్పుడైతే మేజర్ లీగ్ వాళ్లు అసలైనవాటికి హోలోగ్రామ్ స్టిక్కర్ అంటిస్తున్నారు. నంబరు కొట్టి చూసుకోవచ్చు.

ఇదే వీధిలో ఏటా ఒక కుర్చీ ఉండేది. పీట్ రోజ్ కుర్చీ. 4,256 హిట్లు, అమెరికన్ బేస్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ. కానీ పందేలు కాసినందుకు 1989లో ఆటనుంచి వెలేశారు. రెండేళ్లకి, వెలేసినవాళ్లకి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు లేదని రూలూ పెట్టారు. దాంతో లోపల సన్మానాలు జరుగుతుంటే, బయట అదే వీధిలో షాపులో కూచుని ఆయన డబ్బులకి సంతకాలు పెట్టేవాడు. అడిగితే పందెం కాసినందుకు సారీ అని కూడా రాసిచ్చేవాడు, దానికీ రేటుండేది. జనం లైన్ కట్టేవారు. 2024 సెప్టెంబర్ 30న చనిపోయాడు. 2025 మే నెలలో నిషేధం ఎత్తేశారు. మనిషి పోయాక శిక్ష కూడా పోయినట్టేనట. బతికుండగా ఆయన్ని పట్టించుకున్నది ఆ లైన్లో నిలబడ్డవాళ్లే. తప్పు చేశాడా? చేశాడు. అయినా ఆ లైన్ మీద నాకు గౌరవమే.

సరే, మా పది డాలర్ల దగ్గరికొస్తాను.

మెయిన్ స్ట్రీట్ చివర్లో, జనం పల్చబడ్డచోట ఒకాయన కూచున్నాడు. ఆయన పేరు రాయను. రాసినా మీకు తెలీదు. నాకూ తెలీదు, ఫోన్‌లో వెతికాను. 1970ల్లో రెండు సీజన్లు, అవీ సగం సగం. లైన్ లేదు. పక్కన కూచున్నావిడ, భార్యే అయ్యుంటుంది, ఫ్లాస్క్‌లోంచి కాఫీ పోస్తోంది.

ఆయన అక్కడ ఎందుకు కూచున్నాడో చెప్పాలంటే చిన్న లెక్క చెప్పాలి. 1980కి ముందు మేజర్ లీగ్ ఆటగాడికి పెన్షన్ రావాలంటే నాలుగేళ్ల సర్వీసుండాలి. 1980లో దాన్ని 43 రోజులకి తగ్గించారు. మంచి పనే. కానీ అంతకుముందే ఆట మానేసినవాళ్లకి అది వర్తించలేదు. మూడున్నరేళ్లు ఆడి 1979లో ఇంటికెళ్లినవాడికి సున్నా, తర్వాత నెలన్నర ఆడినవాడికి పెన్షన్. 2011 నుంచి ఆ పాతవాళ్లకి ఆడిన రోజుల లెక్కన ఏడాదికి 10,000 డాలర్ల దాకా కొంత ఇవ్వడం మొదలైంది. కోట్ల డాలర్ల కాంట్రాక్టుల ఆటలో అది ఏపాటిదో మీరే చూసుకోండి. ఇదంతా గుసగుసగా చెప్తే నాన్న గుణించడం ఆపేసి, "పద, తీసుకుందాం" అన్నాడు.

ఆయన ఎవరి పేరుమీద రాయమంటావన్నాడు. నాన్న పేరు చెప్పాను. ఇంగ్లిష్‌లో రాస్తే పదమూడు అక్షరాలు. ఇక్కడ కాఫీ షాపుల్లో ఆ పేరు వింటే రెండో అక్షరం దగ్గరే చేతులెత్తేస్తారు. ఈయన మాత్రం ఒక్కో అక్షరం అడిగి, ఫొటో మీద పూర్తిగా రాశాడు. కింద తన పేరు, చక్కగా చదవగలిగేలా.

ఈలోపు నాన్న టేబుల్ మీదున్న బంతి తీసుకుని, వేళ్ల మధ్య తిప్పుతూ, బొటనవేలితో కుట్లు నొక్కి చూస్తున్నాడు. ఆయన గమనించాడు.

"మీ నాన్నగారు ఏం ఆడేవారు?"

"బాల్ బ్యాడ్మింటన్" అని, అదేంటో చెప్పుకొచ్చాను. ఊలు బంతి, పసుపు రంగు, చెక్క బ్యాటు, మట్టి కోర్టు, అటు ఐదుగురు ఇటు ఐదుగురు. దక్షిణాదిలోనే ఎక్కువ ఆడతారు.

"ఏ పొజిషన్?"

నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

నాకు తెలీదు. ఇచిరో 2004లో ఎన్ని హిట్లు కొట్టాడో నిద్రలో అడిగినా చెప్తాను. మా నాన్న కోర్టులో ఎక్కడ నిలబడేవాడో నాకు తెలీదు. అసలు ఎప్పుడూ అడగలేదు.

పొజిషన్ అన్న మాట నాన్నకి అర్థమైంది. "బ్యాక్. లెఫ్ట్ బ్యాక్" అన్నాడు తనే, ఎడం చెయ్యి వెనక్కి చూపిస్తూ.

ఆ పెద్దాయన మొహం వెలిగిపోయింది. "నేనూ అంతే! లెఫ్ట్ ఫీల్డ్!" అని కుర్చీలోంచి లేచి మళ్లీ చెయ్యి కలిపాడు. ఎండ కళ్లలో పడితే మీరేం చేసేవారని అడిగాడు. నాన్న చెయ్యి అడ్డం పెట్టి, తల వంచి, ఎలా చూసేవాడో చేసి చూపించాడు. ఆయనా చేసి చూపించాడు. రోడ్డు మీద ఇద్దరు ముసలివాళ్లు ఖాళీ ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. నేను ఫొటో తీయడం కూడా మర్చిపోయాను. పది డాలర్లు మాత్రం తీసుకున్నాడు. తీసుకోవాలి కూడా.

ఆ రాత్రి గంట దూరంలో దొరికిన మోటెల్లో నాకు నిద్ర పట్టలేదు. 2019లో తెనాలి ఇల్లు అమ్మి అమ్మానాన్న హైదరాబాద్ ఫ్లాట్‌కి మారినప్పుడు సామాను సర్దింది నేనే. డీక్లటరింగ్ అని యూట్యూబ్ చూసి మరీ దిగాను. అటక మీద రెండు చెక్క బ్యాట్లు, తీగలు తెగిపోయినవి. మూడు కప్పులు, నల్లబడిపోయినవి. పాత సామాన్లవాడికి కిలోల లెక్కన వేసేశాను. నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. ఏమీ అనలేదు. ఫ్లాట్‌లో చోటు లేదు కదా అని నేనే అన్నాను.

మర్నాడు ఆదివారం, సన్మాన సభ. గడ్డి మీద కూచుంటే టికెట్ లేదు. ఇచిరో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాడు. ఓటు వెయ్యని ఆ ఒక్కర్నీ ముందు ఇంటికి భోజనానికి పిలిచాడు కదా, ఆ ఆహ్వానం గడువు అయిపోయిందన్నాడు. అంతా ఘొల్లున నవ్వారు. నాన్నకి నేను చెప్పేలోపే అర్థమైంది. నన్ను కదిలించింది మాత్రం డేవ్ పార్కర్ సంగతి. అందరూ కోబ్రా అని పిలిచే ఆటగాడు. 1991లో ఆట మానేస్తే 2024 డిసెంబర్‌లో ఎంపిక చేశారు. సభకి ఒక నెల ముందు, జూన్ 28న చనిపోయాడు. ఆయన బదులు కొడుకు వచ్చి మాట్లాడాడు. తండ్రి స్వయంగా రాసుకున్న పద్యం చదివాడు. నేను నాన్న వైపు చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. గంటసేపు పాటలు పెట్టాను. తర్వాత ఆపేసి అడిగాను.

"నాన్నా, లెఫ్ట్ బ్యాక్ అంటే బాగా పరిగెత్తాలా?"

"పరిగెత్తడం కాదురా, గాలి చూసుకోవాలి. ఊలు బంతి కదా, సాయంత్రం గాలికి అది వచ్చే దారి మారిపోద్ది" అన్నాడు. ఇక ఆగలేదు. 1984, డిగ్రీ రెండో ఏడు, నాగార్జున యూనివర్సిటీ అంతర్ కళాశాలల పోటీలు. కోర్టుకి నీళ్లు కొట్టి, సున్నం గీతలు గీసి, తెల్లారుజామున ప్రాక్టీస్. ఫైనల్లో ఆఖరి బంతి లైన్ మీద పడిందా బయట పడిందా అన్నది నలభై ఏళ్లయినా తేలలేదట. బయటే పడిందంటాడు. కప్పుల మాట రాలేదు. నేనూ తేలేదు. తేవాల్సింది.

"మీ ఐదుగురూ ఎవరెవరు?"

తనతో కలిపి నలుగుర్ని చెప్పాడు. సెంటర్ ఆడినవాడి ఇంటిపేరు వచ్చింది, పేరు రాలేదు. నోటి చివర ఉందిరా అంటూ పది మైళ్లు గింజుకున్నాడు. టైమ్ రాత్రి తొమ్మిది. ఇండియాలో ఆరున్నర. ఫ్రంట్ ఆడిన స్నేహితుడు తెనాలిలోనే ఉంటాడు, వాకింగ్‌లో ఉంటాడని ఫోన్ కలిపాడు. స్పీకర్‌లో ఆయన, "ఏమైందిరా ఈ టైమ్‌లో, అంతా బాగేనా?" అని కంగారుపడ్డాడు. విషయం విని నవ్వాడు, పేరు చెప్పాడు. తర్వాత, వాడు పోయి నాలుగేళ్లయింది, నీకు చెప్పలేదా అన్నాడు.

నాన్న కాసేపు కిటికీలోంచి చూశాడు.

"రాసుకో ఈ పేర్లు" అన్నాడు.

"నేను డ్రైవింగ్‌లో ఉన్నా కదా. నా ఫోన్‌లో నోట్స్ ఉంది, నువ్వే టైప్ చెయ్యి. తెలుగు కీబోర్డ్ ఉందందులో."

కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం, ఇంటిపేర్లతో సహా ఐదు పేర్లు. ఒత్తు తప్పు పడితే చెరిపి మళ్లీ కొడుతున్నాడు. ఎడిసన్ ఎగ్జిట్ వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు.